పాప అందరి చంకా ఎక్కుతోంది, నా దగ్గరకు మాత్రం రావట్లేదు

ఫ్రిస్కో_అమ్మ
కారా (ఇండియాలో దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ద్వారా దత్తత తీసుకుని ఈ వేసవిలోనే పాపను టెక్సాస్ తెచ్చుకున్నాం. మూడేళ్లు నిండాయి. కోస్తాలో ఒక శిశుగృహలో పెరిగింది, తెలుగు గలగలా మాట్లాడుతుంది. మా ఆయన సిటిజన్, ఇండియాలోనే దత్తత పూర్తయిన పిల్లలకిచ్చే ఐహెచ్-3 వీసా మీద వచ్చింది కాబట్టి కాగితాల బాధ లేదు. బాధంతా ఇంట్లోనే ఉంది.

గుడికి వెళ్తే ఎవరు చేతులు చాపినా చంకెక్కేస్తుంది. ఇండియన్ స్టోర్లో బిల్లు కొట్టే ఆవిడను అమ్మా అని పిలిచి చున్నీ పట్టుకుని వదల్లేదు. మొన్న పక్కింటివాళ్లు వచ్చి వెళ్తుంటే తనూ చెప్పులు వేసుకుని వాళ్ల వెనకే బయల్దేరింది. అదే కింద పడి మోకాలు చెక్కుకుపోతే మాత్రం ఏడవదు, నా దగ్గరకు రాదు. గోడ వైపు తిరిగి నిలబడుతుంది. ఎత్తుకుంటే ఒళ్లంతా బిగబట్టేస్తుంది. వాళ్ల నాన్న దగ్గర కాస్త నయం.

ఇప్పుడు అత్తగారివాళ్లు, ఇక్కడి స్నేహితులు కలిసి పాపకు పేరు పెట్టే ఫంక్షన్ ఘనంగా చేద్దామంటున్నారు. హాలు కూడా మాట్లాడేశారు. వద్దంటే పాపను దాచుకుంటున్నామని మాట వస్తుంది. పైగా రిపోర్టు కోసం సోషల్ వర్కర్ వస్తుంది. పాప నాకు దగ్గర కాలేదని రాస్తే ఏమవుతుందోనని రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. దత్తత తీసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే మీ అనుభవం చెప్పండి.

సియాటిల్_వాన
ముందు ఆ హాలు క్యాన్సిల్ చేయండి. మిగతా పోస్టులు తర్వాత చదువుకోవచ్చు.

నెల్లూరు_పెద్దమ్మ
హాలు ఎందుకు క్యాన్సిల్ చేయాలి? పిల్ల నలుగురితో కలుస్తోందంటే సంతోషించాలి గానీ భయమెందుకమ్మా. మా పిల్లలు ఉమ్మడి కుటుంబంలో పెరిగారు. ఎవరు అన్నం పెట్టారో, ఎవరు స్నానం చేయించారో మాకే గుర్తుండేది కాదు. అందరికీ ఒక అమ్మ ఉంటే మా పిల్లలకు నలుగురు అమ్మలు. ఏం చెడిపోయారు? అక్కడికి వెళ్లాక ప్రతి చిన్నదానికీ మీరు ఒక సమస్య పేరు పెడుతున్నారు. ఫంక్షన్ చెయ్యి, పెద్దవాళ్ల అక్షింతలు పడనీ.

ఒహాయో_ఇద్దరు_పిల్లలు
పెద్దమ్మగారూ, మీ మాట కొట్టిపారేయను, కానీ రెండూ ఒకటి కాదండీ. మీ పిల్లలు పగలంతా నలుగురి చేతుల్లో తిరిగినా, రాత్రి జ్వరమొస్తే ఎవరి పక్కలోకి దూరాలో వాళ్లకు తెలుసు. ఈ పాపకు అది తెలియదు. హోమ్‌లో ఆయమ్మలు డ్యూటీలు మారతారు. పొద్దున తల దువ్విన మనిషి రాత్రికి ఉండదు. ఎవరు దగ్గరగా వస్తే వాళ్లను చూసి నవ్వితే ఇంకో ముద్ద దొరుకుతుంది, ఇంకాసేపు ఎత్తుకుంటారు. ఆ పిల్ల బతకడానికి నేర్చుకున్న తెలివి అది. దాన్ని కలుపుగోలుతనం అనుకుంటే పొరపాటు.

మా వాడు ఒడిశా నుంచి వచ్చాడు, అప్పటికి నాలుగేళ్లు. మాకు ఏజెన్సీవాళ్లు శిక్షణలో చెప్పింది, మేం పాటించిందీ ఒకటే: మొదటి కొన్ని నెలలు అన్నం పెట్టడం, స్నానం, నిద్రపుచ్చడం, దెబ్బ తగిలితే ఎత్తుకోవడం తల్లీతండ్రీ తప్ప ఇంకెవరూ చేయకూడదు. మిగతావాళ్లు ఆడించొచ్చు, కబుర్లు చెప్పొచ్చు. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, నోట్లో చాక్లెట్ పెట్టడం వద్దు. వాడికి ఎవరైనా బిస్కెట్ ఇవ్వాలనుకుంటే ముందు నాకిచ్చేవాళ్లు, నేను వాడికిచ్చేదాన్ని. చూసేవాళ్లకు చాదస్తంగా ఉంటుంది. ఉండనివ్వండి.

ఇంకోటి. పడ్డప్పుడు పాప మీ దగ్గరకు రావాలని ఎదురు చూడకండి. ఏడిస్తే ఎవరైనా వస్తారని తనకు అలవాటు లేదు. మీరే వెళ్లండి. ఎత్తుకోకండి, పక్కన నేల మీద కూర్చుని మోకాలు చూసి, ఊది, "అబ్బో, నొప్పిగా ఉందా తల్లీ" అనండి. చిన్న గీత పడినా బ్యాండెయిడ్ వేయండి. మా ఇంట్లో నెల తిరగకుండానే డబ్బాలకు డబ్బాలు అయిపోయాయి. తర్వాత వాడే కనబడని దెబ్బలకు కూడా బ్యాండెయిడ్ అడగడానికి వచ్చేవాడు. అలా రావడమే కావాలి మనకు.

ఓరుగల్లు_పోరడు
అక్కా, బ్యాండెయిడ్ ముచ్చట నిజం. మా బిడ్డ గోడకు సుత అంటించింది, గోడకు దెబ్బ తాకిందట.

మాకు మస్తు తిప్పలు పెట్టింది కారు సీటు. హోమ్‌ల ఉన్న పిల్లను ఎప్పుడన్న కారెక్కిచ్చిండ్రా పాడా, బెల్టు పెట్టంగనే గొంతు పోయేటట్టు ఏడ్చేది. టెక్సాస్‌ల ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు సీటు ఉండాల్సిందే, తప్పించుకునే తొవ్వ లేదు. ఆఖరికి ఆ సీటు పట్టుకొచ్చి హాల్ల టీవీ ముంగట పెట్టిన. ముందుగాల బొమ్మను కూసోబెట్టి బెల్టు పెట్టినం, తర్వాత తనే ఎక్కింది. బెల్టు పెట్టుడు తీసుడు తనతోనే చేయించిన. గప్పుడు కారుల పెట్టినం. ఇప్పుడైతే నేను బెల్టు మరిస్తే నన్నే కోప్పడుతది.

నెల్లూరు_పెద్దమ్మ
మంచి ఉపాయమే నాయనా. కానీ ఒహాయో అమ్మాయి చెప్పిన దానికి నా మనసు ఒప్పుకోవట్లేదు. అంత దూరం నుంచి అమ్మమ్మ వస్తే ఒక ముద్ద పెట్టకూడదా? ఆవిడ ఏం చేయాలి, కుర్చీలో కూర్చుని చూడాలా?

సియాటిల్_వాన
ఆవిడ వండాలి పెద్దమ్మా. పప్పుచారు ఆవిడ కాస్తే అమ్మ కలిపి పెడుతుంది. మా అత్తగారు అలాగే చేశారు. వంటిల్లు ఆవిడ చూసుకున్నందుకే మా ఆవిడకు రోజంతా బాబుతో గడపడానికి వీలైంది. అంతకు మించిన సాయం మాకు ఎవరూ చేయలేదు.

పిల్లల_డాక్టర్_పద్మ
వైద్యం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నాను. ఇండియాలో చేసిన మెడికల్ రిపోర్టుతో ఆగకండి. ఇక్కడికి వచ్చిన తొలి వారాల్లోనే రక్తహీనత, సీసం, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ, టీబీ, థైరాయిడ్, విటమిన్ డి, కడుపులో పురుగులు అన్నీ చూడమనండి. కొన్ని ఆరు నెలల తర్వాత మళ్లీ చేయాలి. చెవులు, కళ్లు కూడా. పిలిస్తే పలకట్లేదంటే మొండితనమనుకుంటాం, చెవిలో నీరు ఉండొచ్చు.

ముఖ్యంగా ఇది. మన పిల్లలకు నడుము మీద, పిరుదుల మీద నీలం మచ్చలు పుట్టుకతో ఉంటాయి. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో తొలి విజిట్‌లోనే చార్టులో రాయించండి. తెలియని డేకేర్ టీచర్ వాటిని కొట్టిన గుర్తులనుకునే ప్రమాదం ఉంది. టెక్సాస్‌లో అనుమానం వస్తే ఎవరైనా సరే రిపోర్టు చేసి తీరాలి.

ఇక అందరి దగ్గరకూ వెళ్లడం గురించి. సంస్థల్లో పెరిగిన పిల్లల్లో ఇది బాగా తెలిసిన విషయమే. రుమేనియాలో బుకారెస్ట్ అనాథాశ్రమాల పిల్లల మీద 2000లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. కుటుంబాలకు చేరిన పిల్లలు ఆశ్రమంలోనే ఉండిపోయిన పిల్లల కంటే మనుషులకు బాగా దగ్గరయ్యారు. ఎంత చిన్న వయసులో చేరితే అంత మేలు. పాపకు మూడేళ్లే, చక్కగా మాట్లాడుతోంది, నాన్నను పోల్చుకుంటోంది. నాకైతే ఇవన్నీ మంచి గుర్తులే. మాటలో, నడకలో ఎక్కడైనా వెనకబడిందనిపిస్తే మూడేళ్లు దాటినవాళ్లకు స్కూల్ డిస్ట్రిక్టే ఉచితంగా పరీక్షలు చేస్తుంది. తెలుగు తెలిసిన మనిషి కావాలని ముందే అడగండి. రాని ఇంగ్లీషులో పరీక్ష పెట్టి వెనకబడిందని రాస్తే లాభం లేదు.

శంషాబాద్_టు_షికాగో
దారి తప్పిస్తున్నందుకు ఏమనుకోకండి. మేమిద్దరం హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నాం. దత్తత తీసుకుని హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద తెచ్చుకోవచ్చా?

న్యూజెర్సీ_నాన్న
నేరుగా కుదరదండీ. ఫ్రిస్కో గారివాళ్లు వచ్చిన ఐ-800 (దత్తత బిడ్డ కోసం పెట్టే ఇమ్మిగ్రేషన్ దరఖాస్తు) దారి అమెరికా పౌరులకే. హెచ్-4 కావాలంటే దత్తత బిడ్డ రెండేళ్లు మీ చట్టబద్ధమైన సంరక్షణలో, రెండేళ్లు మీతో కలిసి ఒకే ఇంట్లో ఉండాలి. అందుకే చాలామంది భార్యాభర్తల్లో ఒకరు ఇండియాలో ఉండిపోతున్నారు. కారాలో పేరు రాయించుకోవడానికి ముందే ఇమ్మిగ్రేషన్ లాయరును కలవండి. పాప ఫోటో చూశాక ఈ నిబంధన తెలిస్తే తట్టుకోవడం కష్టం. వివరాలు వేరే పోస్టులో అడగండి, చెప్తాను.

ఫ్రిస్కో గారూ, సోషల్ వర్కర్ గురించి భయపడకండి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి రిపోర్టు కారాకు వెళ్తుంది. సర్దుకోవడంలో ఇబ్బంది కనబడితే కౌన్సెలింగ్ ఏర్పాటు చేయాల్సింది ఏజెన్సీయే, నిబంధనల్లోనే ఉంది. మా ఇంటికొచ్చిన ఆవిడకు మా ఆవిడ దాచకుండా చెప్పేసింది, బాబు నన్ను దగ్గరకు రానివ్వట్లేదని. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, ఏ టైములో, ఎలా అని గంటసేపు విన్నది. దత్తత పిల్లలతో పనిచేసే థెరపిస్టును చూపించింది కూడా ఆవిడే. అంతా బాగుందని నవ్వుతూ చెప్పే ఇంటి కన్నా ఉన్నదున్నట్టు చెప్పే ఇల్లే వాళ్లకు నమ్మకం.

ఫ్రిస్కో_అమ్మ
అందరి పోస్టులూ రెండేసి సార్లు చదివాను. సోషల్ వర్కర్ సంగతి విన్నాక ప్రాణం లేచొచ్చింది. నీలం మచ్చలు మా పాపకూ ఉన్నాయి, సోమవారమే రాయిస్తాను.

ఇంకో రెండు అడగాలి. పాప ఎంత పెట్టినా తింటుంది, వద్దని చెప్పదు. పొట్ట గట్టిపడిపోయినా చేయి చాపుతూనే ఉంటుంది. నిన్న దుప్పటి దులుపుతుంటే దిండు కింద ఇడ్లీ ముక్క, రెండు జీడిపప్పులు దొరికాయి. తీసేయాలా వద్దా తెలియక మళ్లీ అక్కడే పెట్టేశాను. రెండోది నిద్ర. తన కోసం గది ముస్తాబు చేశాం, మంచం, తెరలు, బొమ్మలు. ఆ గదిలో నిమిషం కూడా ఉండదు. నిద్రలోంచి లేచి కూర్చుని, ఏడవకుండా చీకట్లోకి చూస్తూ ఉంటుంది.

ఒహాయో_ఇద్దరు_పిల్లలు
మళ్లీ అక్కడే పెట్టారు చూడండి, అదే సరైన పని. తనకు అందే ఎత్తులో ఒక బుట్ట పెట్టండి. అరటిపండు, మరమరాలు, ఏదో ఒకటి. ఎప్పుడు అడిగినా తీసుకోవచ్చని చెప్పండి. ఆ బుట్ట ఎప్పుడూ ఖాళీ కాకూడదు. పడుకునే ముందు "పొద్దున లేవగానే దోసె" అని చెప్పి, పొద్దున దోసే పెట్టండి. చెప్పింది జరగాలి. పళ్లెం లాక్కోవద్దు, చాలని మీరు చెప్పొద్దు. మొదట్లో బుట్ట మీద పడి తింటుంది, మెల్లగా దాని సంగతే మర్చిపోతుంది.

గోదారి_గట్టు
నిద్రకు నేను చెప్తానండి. శిశుగృహలో పిల్లలంతా ఒకే హాల్లో వరసగా పడుకుంటారు. పైన ఫ్యాన్ చప్పుడు, పక్కన ఇంకో పిల్ల ఊపిరి, వరండాలో లైటు. మీ ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దానికే భయం. గది సంగతి ఇప్పటికి మర్చిపోయి మీ గదిలో నేల మీద పరుపు వేయండి. ఫ్యాన్ వేయండి, చిన్న లైటు ఉంచండి. మీ చేయి తగిలేంత దూరంలో పడుకోండి. మా వాడు రాత్రి తడుముకునేవాడండి, చేయి దొరికితే మళ్లీ పడుకునేవాడు.

స్నానం కూడా అంతే. టబ్బులో నీళ్లు నింపి కూర్చోమంటే వాడికి నుయ్యిలా కనబడింది కాబోలు, కెవ్వుమన్నాడు. బకెట్టూ మగ్గూ కొనుక్కొచ్చి టబ్బులో పెట్టాక మగ్గు వాడి చేతికే ఇచ్చాం. స్నానం అయ్యేసరికి మేం కూడా తడిసేవాళ్లం.

ప్లానో_ప్రసాద్
ఇవన్నీ సరే, డేకేర్‌లో ఎప్పుడు వేస్తున్నారు? ఎంత త్వరగా వేస్తే ఇంగ్లీషు అంత త్వరగా వస్తుంది. ఇంట్లో ఇద్దరి మొహాలూ చూస్తూ కూర్చుంటే పిల్లకు విసుగు రాదా?

ఒహాయో_ఇద్దరు_పిల్లలు
ఇంగ్లీషు ఎక్కడికీ పోదు ప్రసాద్ గారూ. ఈ వయసులో వద్దన్నా వచ్చేస్తుంది. డేకేర్ అంటే మళ్లీ డ్యూటీలు మారే మనుషులు, వరసగా పరుపులు, బెల్లు కొట్టి అన్నం. తను వదిలి వచ్చిందే మళ్లీ కనబడుతుంది అక్కడ. వీలైనన్ని నెలలు ఆగాలి.

ప్లానో_ప్రసాద్
ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో అది చెప్పినంత తేలిక కాదు. మార్ట్‌గేజ్ ఎవరు కడతారు?

న్యూజెర్సీ_నాన్న
ప్రసాద్ గారి మాటలోనూ నిజముంది. దత్తతకు కూడా ఎఫ్ఎంఎల్ఏ (కుటుంబ, వైద్య సెలవుల చట్టం) కింద పన్నెండు వారాల సెలవు ఉంటుంది, జీతం లేకుండా. యాభై మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న కంపెనీలకే ఆ చట్టం. జీతంతో ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి, హెచ్ఆర్‌ను నోరు తెరిచి అడగాలి. మేం ఇద్దరం ఒకేసారి తీసుకోకుండా ఒకరి తర్వాత ఒకరం తీసుకున్నాం. మా ఆవిడది అయ్యాక నాది. డేకేర్ మొదలుపెట్టినప్పుడు కూడా గంటతో మొదలు, ఒకే టీచర్ దగ్గర.

తండ్రిగా ఒక మాట. పాప మీ ఆయన దగ్గర నయం అన్నారు. కొందరు పిల్లలు ఇలా ముందు ఒకరినే పట్టుకుంటారు. మా ఇంట్లోనూ బాబు నాకే అతుక్కున్నాడు, మా ఆవిడ బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చేది. అందుకని బాబుకు ఇష్టమైనవన్నీ ఆమె చేతి మీదుగా వెళ్లేలా చూశాను. అన్నం గిన్నె ఆమెకిచ్చి నేను అంట్లు తోమేవాడిని. పార్కుకు ముగ్గురం వెళ్లినా ఉయ్యాల ఊపేది ఆమే. "అమ్మనడుగు" అనే మాట నా నోట్లో నానింది. మీ ఆయనతో ఈ పోస్టు చదివించండి.

పెరిగిన_పాప
ఎప్పుడూ చదవడమే గానీ రాయలేదు. నేను దత్తత బిడ్డని. హైదరాబాద్‌లో ఒక హోమ్ నుంచి నన్ను నాలుగేళ్లప్పుడు తీసుకున్నారు. కెనడాలో పెరిగాను. ఇప్పుడు నాకే ఒక బాబు.

ఫంక్షన్ గురించి రాయాలనే లాగిన్ అయ్యాను. హోమ్‌లో కొత్త మనుషులు మంచి బట్టలు కట్టుకుని వచ్చిన రోజు మాకు తల దువ్వి, పౌడర్ రాసి కూర్చోబెట్టేవాళ్లు. వాళ్లు వెళ్లాక కొన్నాళ్లకు మాలో ఒకరు కనబడేవారు కాదు. మా అమ్మానాన్న నన్ను తెచ్చుకున్నాక ఇంట్లో పెద్ద విందు చేశారు. పట్టు లంగా కట్టారు, పూలు పెట్టారు. అందరూ బుగ్గలు గిల్లుతున్నారు, ఒకరి ఒళ్లోంచి ఇంకొకరి ఒళ్లోకి మారుస్తున్నారు. వీళ్లలో ఎవరో ఒకరు ఇప్పుడు నన్ను తీసుకెళ్తారు అనుకున్నాను. ఎవరో నాకు తెలియదు కాబట్టి అందరికీ నమస్తే పెట్టాను, అందరినీ చూసి నవ్వాను. పిల్ల ఎంత చలాకీగా ఉందో అని మెచ్చుకున్నారట. ఆ రాత్రి నాకు జ్వరం వచ్చింది. అది నాకు ఇప్పటికీ గుర్తుంది. మా అమ్మ మీద నాకు ఏ కోపమూ లేదు. అప్పట్లో ఆవిడకు ఇలాంటివి చెప్పేవాళ్లు లేరు.

మీకు చెప్పేవాళ్లు ఉన్నారు. పక్కింటివాళ్ల వెనక చెప్పులు వేసుకుని బయల్దేరిందన్నారే, అది చదివి నాకు కన్నీళ్లొచ్చాయి. ఎవరైనా ఇంటికొచ్చే ముందే చెప్పండి: "వాళ్లు వస్తారు, టీ తాగుతారు, వాళ్లింటికి వెళ్లిపోతారు. నువ్వు ఇక్కడే ఉంటావు, నాన్న నేను కూడా ఇక్కడే." వెళ్లేటప్పుడు తలుపు దగ్గర తన చెయ్యి పట్టుకుని నిలబడి టాటా చెప్పించండి. విసుగు లేకుండా ప్రతిసారీ చెప్పండి.

ఇంకొక్కటి. ఎక్కడ దొరికింది, కన్నవాళ్లెవరు అని అడిగేవాళ్లుంటారు. ఆ కథ పాపది. పెద్దయ్యాక తను చెప్పాలనుకున్నవాళ్లకు తనే చెప్పుకుంటుంది. ఎంత దగ్గరివాళ్లడిగినా మీరు చెప్పకండి. నా సంగతి నాకంటే ముందు మా వీధిలో అందరికీ తెలుసు.

గోదారి_గట్టు
ఇది రాసినందుకు మీకు చేతులెత్తి దణ్ణం పెడుతున్నానండి.

నెల్లూరు_పెద్దమ్మ
పెరిగిన పాపా, నీ పోస్టు మా ఇంట్లో అందరికీ పైకి చదివి వినిపించాను. హాలు వద్దులే ఫ్రిస్కో అమ్మాయీ. మీ అత్తగారు నొచ్చుకుంటే ఇది చదివి వినిపించు. ఆవిడా తల్లే.

కానీ ఒక్క మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను. పిల్లకు తాతలూ మామ్మలూ కావాలి. ఆరు నెలలో, ఏడాదో అయ్యాక మీరు ఈ కంచె తీసేయాలి. అప్పుడు కూడా ఇదే పాట పాడితే ఒప్పుకోను.

ఒహాయో_ఇద్దరు_పిల్లలు
అందులో మీతో నాకు పేచీ లేదు పెద్దమ్మగారూ. దెబ్బ తగిలితే అమ్మానాన్నలను వెతుక్కునే రోజు వచ్చిందంటే ఇక ఎవరి ఒళ్లో కూర్చున్నా బెంగ లేదు. మా వాడు ఇప్పుడు వాళ్ల తాతయ్యను వదిలిపెట్టడు.

ఫ్రిస్కో_అమ్మ
కొన్నాళ్లు ఇటు రాలేకపోయాను. హాలు వద్దన్నాం. అత్తగారు మొదట రెండ్రోజులు మాట్లాడలేదు. పెరిగిన_పాప గారి పోస్టు మా ఆయన ఫోన్లో చదివి వినిపిస్తే ఆవిడే బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పారు. ఇంట్లోనే పంతులుగారిని పిలిచి, బియ్యంలో పేరు రాయించి, పాయసం చేసుకున్నాం. హోమ్‌లో పిలిచిన పేరే ఉంచి దాని ముందు మా అత్తగారి అత్తగారి పేరు కలిపాం. పాప తన పేరు విని తిరిగి చూసింది.

నేల మీద పరుపు వేశాక ముగ్గురం నిద్రపోతున్నాం. బుట్ట దగ్గరకు రోజుకు చాలాసార్లు వెళ్తుంది, ఒక్కోసారి చూసి వచ్చేస్తుంది. దిండు కింద మాత్రం ఇంకా దొరుకుతున్నాయి. పడితే ఇప్పటికీ నా దగ్గరకు రాదు. కానీ గోడ వైపు తిరగట్లేదు, నేను వచ్చేదాకా అక్కడే నిలబడి నా వైపు చూస్తోంది.

పద్మగారూ, రక్తపరీక్షలో ఐరన్ తక్కువుందని చుక్కల మందు రాశారు, పళ్లు నల్లబడుతున్నాయి. మానేయాలా?

పిల్లల_డాక్టర్_పద్మ
మానకండి. ఆ నలుపు పైపైదే, మందు ఆపాక పోతుంది. చుక్కలు నాలుక వెనక పడేలా వేసి, వెంటనే నారింజ రసం తాగించండి, మందు ఒంటికి బాగా పడుతుంది. పాలతో మాత్రం ఇవ్వొద్దు. నా వైపు చూస్తోంది అన్నారే, వచ్చే విజిట్‌లో ఆ మాట మీ డాక్టరుకు కూడా చెప్పండి, రాసుకుంటారు.

నెల్లూరు_పెద్దమ్మ
ఐరన్ తక్కువైతే నువ్వుండలు చేసి మా మేనల్లుడితో పంపిస్తాను, వచ్చే వారం డల్లాస్ వస్తున్నాడు. ఇల్లు ఎక్కడో వాడికి చెప్పు. వాడు గుమ్మం దగ్గరే ఇచ్చి వెళ్తాడు, పెట్టేది నువ్వే పెట్టుకో.